బంధువులకు ఏమని చెప్పాలి అన్నదే అసలు ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు రాలేదు. బీఏఎస్ఎల్‌పీ (ఆడియాలజీ, స్పీచ్ థెరపీ డిగ్రీ) చేస్తానని పట్టుబడుతోంది. ఆడియాలజీ, స్పీచ్ థెరపీలలో ఏది మేలు? అమెరికా వెళ్లడానికి ఏది పనికొస్తుంది? - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఏది మేలో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదండీ. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్ల ఈ డిగ్రీలో రెండూ నేర్పుతారు. దారులు విడిపోయేది పీజీలో. వినికిడి లోపాన్ని కొలిచి, యంత్రం అమర్చేది ఆడియాలజిస్టు. మాట, భాష, గొంతు, మింగడంలో ఇబ్బందులు చూసేది స్పీచ్ థెరపిస్టు.

మీ బెంగ వేరే ఉంది. 'అమ్మాయి డాక్టరు కాదా?' అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి? ఏటా ఎంతోమంది తండ్రుల్లో చూస్తున్నాను దీన్ని. ఒకసారి వినికిడి పరీక్ష గదిలో ఓ మూడేళ్ల బాబును చూశాను. అమ్మ ఒడిలో కూర్చున్నాడు. శబ్దం వినబడినప్పుడల్లా చేతిలోని రింగును కర్రకు తొడగాలి. ఆడియాలజిస్టు శబ్దం తగ్గిస్తూ పోయింది. ఒకచోట రింగు చేతిలోనే ఆగిపోయింది. ఆ పిల్లవాడి వైద్యమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. చెవి లోపల వినికిడి యంత్రం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ యంత్రాన్ని సరిచేస్తూ, బిడ్డకు మాట నేర్పడానికి ఏళ్లు పడుతుంది. చుట్టాలకు ఇదే చెప్పండి, తలెత్తుకుని.

నా భయమల్లా వేరు. 'డిగ్రీ కాగానే ఆటిజం సెంటర్ పెట్టేయొచ్చు' అన్న మాట నగరంలో బాగా వినిపిస్తోంది. అనుభవజ్ఞుల దగ్గర పనిచేయకుండా పసిపిల్లలపై ప్రయోగాలు చేయడం తప్పు. కొన్ని నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు కాకుండా ఈ వృత్తి చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఇక అమెరికా అంటారా, అక్కడ ఆడియాలజిస్టు కావాలంటే డాక్టరేట్, స్పీచ్‌లో అయితే మాస్టర్స్ చేయాలి. ఆపైన లైసెన్సు. ఇక్కడి డిగ్రీ ఒక్కటే చాలదు. అమ్మాయి ఇంకా కాలేజీ గడప తొక్కలేదు, మీరు అప్పుడే వీసా దాకా వెళ్లిపోయారు! ఈ కోర్సు తనకెందుకు నచ్చిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? నాలుగేళ్లు చదవాల్సింది తను.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తనను తీసుకెళ్లి చూపించండి. ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు, దానికి మండలి గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో చూసుకోండి.