64 ఏళ్ల నాయన పదింటికే అలిసిపోతుంటే పని మాన్పించాలా?

మీరు రాసింది ఇదీ: నాయనకు 64 ఏళ్లు, దేవరకొండ దగ్గర పల్లె, నాలుగెకరాల పత్తి. పోయినేడాది దాకా మధ్యాహ్నం వరకు చేనులో వంగి పనిచేసిన మనిషి ఇప్పుడు పదింటికే గట్టు మీద కూలబడుతున్నారు. పగలు రెండు గంటలు పడుకుంటున్నారు, రాత్రి మూడింటికే లేచి కూర్చుంటున్నారు. పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాలా, టానిక్ ఏమన్నా ఇప్పించాలా అని అడిగారు.

పని మాన్పించకండి. వేళలు మార్చండి, తిండి మార్చండి. అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించండి, ఎందుకంటే వయసొక్కటే ఒక్క ఏడాదిలో మనిషిని ఇంత దించదు. 2021లో సైన్స్ పత్రికలో 29 దేశాల్లో ఆరు వేలకు పైగా మందిని కొలిచిన అధ్యయనం వచ్చింది. ఒంటి బరువు, కండ లెక్కలోకి తీసుకుంటే శరీరం ఖర్చుపెట్టే శక్తి 20 నుంచి 60 ఏళ్ల దాకా దాదాపు మారదు, 60 దాటినంక ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుందని తేలింది. ఆ లెక్కన మీ నాయనకు తగ్గింది మూడు శాతం లోపే. పోయినేడాదికీ ఈ ఏడాదికీ కళ్లకు కనబడేంత తేడా ఉందంటే వేరే కారణం వెతకాల్సిందే.

హిమోగ్లోబిన్ (మగవాళ్లకు 13 లోపు, ఆడవాళ్లకు 12 లోపు ఉంటే రక్తం తక్కువున్నట్టు), పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), బి12 విటమిన్, ఒక ఈసీజీ. ఇవి చాలు మొదటికి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే బి12 తప్పక చూపించండి, ఆ గోలీ దాన్ని తగ్గిస్తుంది. నడిస్తే ఆయాసం, ఊరికే చెమటలు, దవడో ఎడమ చెయ్యో లాగడం ఉంటే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి నీరసంగానే బయటపడొచ్చు.

పత్తికి మందు కొట్టిన రోజు, ఆ మర్నాడు నీరసం ఎక్కువగా ఉంటుందేమో కూడా గమనించండి. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం తోడైతే అది పురుగుమందు విషం ఒంటికి ఎక్కడం. డబ్బా పట్టుకుని ఆసుపత్రికి పోవాలి.

ఇక నిజంగా వయసుతో మారేవి. మొదటిది కండ. అరవై దాటితే త్వరగా కరుగుతుంది, తొడల్లో ముందు తెలుస్తుంది. రెండోది దాహం: ఒంట్లో నీళ్లు తగ్గినా నోరు ఎండినట్టు తెలియదు, చెమట కూడా తక్కువ పట్టి ఒళ్లు త్వరగా చల్లబడదు. నల్లగొండ ఎండలు 44 డిగ్రీలు దాటే రోజుల్లో పదింటికి కూలబడడంలో సగం ఇదే. దాహమైనప్పుడు కాదు, పనిలో ఉన్నంతసేపు 20 నిమిషాలకొక గ్లాసు తాగాలి. లీటరు మజ్జిగలో అర చెంచా ఉప్పు కలిపి పంపినా మంచిదే. బీపీ ఉంటే ఉప్పు వద్దు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే చెప్పాలి.

ఆ నీళ్లు ఏవి అన్నది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే మన నల్లగొండ జిల్లాలో అడగాల్సిన ప్రశ్న. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగేవాళ్లు కూడా చేనుకాడ బోరు నీళ్లే తాగుతుంటారు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా. కాచితే పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఇంటి నుంచే ఐదు లీటర్ల క్యాన్ పంపండి. మూడు పనులు చేయించి చూడండి: గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు తాకడం. మూడూ పట్టేసినట్టుంటే ‘ముసలితనం నొప్పులు’ అని వదిలేయకుండా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకునే జబ్బు) సంగతి డాక్టరుతో మాట్లాడండి.

వేళలు ఇట్లా పెట్టుకోవచ్చు: ఎండాకాలం ఆరింటి నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. బరువు పని పొద్దున మొదటి గంటలోనే అయిపోవాలి. గంటకోసారి పది నిమిషాలు నీడకు చేరాలి, అలిసినంక కాదు, అలవకముందే. చాలామంది పొరపాటు ఇక్కడే. పూర్తిగా డస్సిపోయేదాకా చేసి కూర్చుంటే ఈ వయసులో తేరుకోవడానికి మర్నాడు కూడా పడుతుంది. 16 లీటర్ల స్ప్రే ట్యాంకు నింపితే వీపు మీద 20 కిలోల దాకా పడుతుంది. ఎనిమిది లీటర్లే పోసి రెండు సార్లు తిరగమనండి, ఇంకా మంచిది పడుచువాళ్లతో కొట్టించడం.

తిండిలో లోటు సాధారణంగా మాంసకృత్తులదే. కడుపు నిండా అన్నం, తొక్కు, పచ్చిపులుసు తింటారు గానీ కండకు కావలసింది అందులో తక్కువ. 60 కిలోల మనిషికి ఈ వయసులో రోజుకు 60 నుంచి 70 గ్రాములు కావాలి. జొన్న రొట్టెకు 5, గుడ్డుకు 6, పావు లీటరు పాలకు 8, గుప్పెడు పల్లీలకు 7, పిడికెడు కందిపప్పు వండితే 7. మూడు రొట్టెలు, రెండు పూటలా పప్పు, రెండు గుడ్లు, పాలు, పల్లీలు కలిస్తే 56 వస్తుంది, మిగతాది పెరుగు, అన్నం పూడుస్తాయి. అంతా రాత్రికే పెట్టొద్దు, పొద్దున చేనుకు పోయేముందే ఒక వంతు పడాలి. పళ్లు లేక రొట్టె నమలలేకపోతే పప్పులో నానబెట్టి పెట్టండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క వర్తించదు.

చేను పని చేసినా తొడల బలం విడిగా చూసుకోవాలి. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకానించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. 60–64 మధ్య మగవాళ్లు 14 కంటే, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్లు బలహీనపడ్డట్టే. నులక మంచం మీద చేయించకండి, అది కుంగుతుంది, చేత్తో పట్టెను నెట్టక తప్పదు. ఇదే కసరత్తు కూడా: వారానికి మూడు రోజులు, పదేసి చొప్పున రెండు సార్లు. మోకాళ్లు నొప్పి పెడితే కుర్చీలో దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి. ఊపిరి బిగపట్టనీయకండి.

నిద్ర సంగతికొస్తే, ఎనిమిదిన్నరకే పడుకునే మనిషి మూడింటికి లేస్తే ఆరున్నర గంటలు నిద్రపోయినట్టే. పగటి రెండు గంటలు కలిపితే ఎనిమిదిన్నర. నిద్ర తగ్గలేదు, ముందుకు జరిగిందంతే. పగటి కునుకు అరగంటకు తగ్గించి, మూడు లోపే ముగించాలి. సాయంత్రం పొద్దుగూకేదాకా ఆరుబయట వెలుతురులో ఉండాలి, నాలుగు తర్వాత చాయ్ వద్దు, తొమ్మిదిన్నరకు ముందు పడుకోవద్దు. రెండు మూడు వారాలు పడుతుంది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగరో ప్రోస్టేటో చూపించండి. లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని నిలబడాలి. నిద్ర కోసం మందు కలిపిన కల్లు అలవాటుంటే మాత్రం ఉన్నపళంగా ఆపించకండి. అందులో కలిపే ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

టానిక్ ఆ రిపోర్టులు వచ్చాక మాట. లోటు ఏదో తేలితే ఆ లోటుకే మందు. ఊళ్లో పెట్టే గ్లూకోజ్ సీసా మీద డబ్బు పెట్టకండి: అరలీటరు ఐదు శాతం సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, ఐదు చెంచాల చక్కెరంత. సీసా ఎక్కించాక తేలికగా అనిపించిందంటే ఒంటికి నీళ్లు తక్కువైనట్టు, క్యాన్ ఇంకాస్త పెద్దది పంపండి.