ఆ ఉత్తరానికి తపాలా డబ్బు ఎవరిచ్చారు?

అమ్మాయీ,

నీ మొదటి ఉత్తరానికి జవాబు రాసినప్పుడు నిన్ను "మీరు" అన్నాను. నువ్వు పంపిన నవల మూడు అధ్యాయాలూ చదివాక "నువ్వు" అనాలనిపించింది. ఏమీ అనుకోవు కదా? ఈ మీరు, నువ్వుల గొడవ నీ నవలలోనూ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు నచ్చింది చెప్పాలి. రీజెన్సీ కాలం (1811–20) లండన్, ప్రభువుల్లో చిన్న హోదా ఉన్న ఒక బేరన్‌గారి రెండో కూతురు, అందరికంటే పెద్ద హోదా ఉన్న ఒక డ్యూక్, తోటలో ముద్దు, అది చూసేసిన పనిమనిషి. తెలుగులో ఈ కథ రాయడానికి నువ్వు జంకలేదు. దొరల ప్రేమకథలు మనకెందుకు అనేవాళ్ళు ఉంటారు, అననీ. కానీ మూడో అధ్యాయంలో బేరన్‌గారు కూతురి చెంప ఛెళ్ళుమనిపించి "నా పరువు గంగలో కలిపావు కదే!" అని అరిచారు చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. ఆయన నోట్లోకి గంగ ఎలా వచ్చింది? పోనీ, థేమ్స్ అని మారుస్తావనుకో. అదీ కుదరదు. ఆయన అసలు అరవడు. నౌకర్లు వింటారు, విన్నది పక్కింటి నౌకర్లకు చెప్తారు.

అక్కడ శిక్ష అంతా మౌనంలోనే ఉంటుంది. ఎదురుపడిన మనిషిని చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోవడం. దానికి వాళ్ళు "కట్" అని పేరు కూడా పెట్టుకున్నారు. 1813లో లండన్‌లో ఒక డాన్స్ పార్టీకి ప్రిన్స్ రీజెంట్, అంటే రాజు బదులు పాలిస్తున్న యువరాజు, వచ్చాడు. పార్టీ ఇస్తున్న నలుగురిలో ఒకడు బో బ్రమ్మెల్, మగవాళ్ళ బట్టల ఫ్యాషన్‌కి అప్పట్లో అతనే దిక్కు. ప్రిన్స్ పక్కవాళ్ళను పలకరించి బ్రమ్మెల్‌ని వదిలేశాడు. బ్రమ్మెల్ పక్కనున్న స్నేహితుణ్ణి అందరికీ వినపడేలా "మీ లావు స్నేహితుడు ఎవరు?" అని అడిగాడని చెబుతారు. మూడేళ్ళకు బ్రమ్మెల్ అప్పుల బాధ పడలేక ఫ్రాన్స్‌లోని కలే ఊరికి పారిపోయాడు. ఈ గొడవలో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నీ బేరన్‌గారి ఇంట్లో కూడా అంతే జరగాలి. మర్నాడు ఉదయం రావలసిన ఆహ్వానాలు రావు. మధ్యాహ్నం వచ్చిపోయేవాళ్ళ బగ్గీ ఒక్కటీ గుమ్మం ముందు ఆగదు. తల్లి కిటికీ దగ్గర కుట్టుపని పట్టుకుని కూర్చుంటుంది, సూదిలోకి దారం ఎక్కదు. అంతవరకు రాస్తే చాలు, చెంపదెబ్బ అక్కర్లేదు.

ఇక పరువు. నువ్వు దాన్ని మనసుకు సంబంధించినదిగా రాశావు. వాళ్ళకది లెక్కల పుస్తకంలో ఉంటుంది. నీ నాయికకు ఒక చెల్లెలు ఉందని మొదటి అధ్యాయంలో రాసి తర్వాత మరిచిపోయావు. ముద్దు సంగతి బయటికి పొక్కితే ఆ చెల్లెలికి వచ్చే సంబంధమే తప్పిపోతుంది. పెళ్ళికి ముందు రెండు వైపుల లాయర్లూ కూర్చుని కాగితాలు రాసుకునేవారు: అమ్మాయితో ఎంత సొమ్ము వస్తుంది, చేతిఖర్చుకు ఏటా ఎంత ఇస్తారు, భర్త పోతే బతికినన్నాళ్ళూ ఎంత ముడుతుంది. మన పెళ్ళి మాటల్లాగే ఉంది కదా అనుకోకు. చివరి అంకె మన మాటల్లో ఎప్పుడైనా విన్నావా? పెళ్ళిపీటల ముందు వైధవ్యం లెక్క కట్టడం మనకు అశుభం, వాళ్ళకు అది జాగ్రత్త. ఇలాంటి తేడా పట్టుకుంటే సీను దానంతటదే నడుస్తుంది.

ఈ విషయంలో నాకూ దెబ్బ తగిలింది. వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికకు ఇదే కాలం మీద సీరియల్ రాశాను. అందులో నాయిక భర్త దుర్మార్గం భరించలేక తన నగలు, తన ఇల్లు, ఇద్దరు పిల్లలను తీసుకుని దర్జాగా వెళ్ళిపోతుంది. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఒక రిటైర్డ్ ప్లీడరుగారు మాత్రం కార్డు ముక్క మీద నాలుగు లైన్లు రాశారు. ఆ దేశంలో ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడదానికి విడిగా ఆస్తి రాసిపెట్టి ఉంటే తప్ప ఉన్నదంతా భర్తదేననీ, పిల్లల మీద హక్కు తండ్రిదేననీ, నా నాయిక బండి వీధి మలుపు కూడా దాటదనీ. సంపాదకుడు ఆ కార్డు వేయలేదు. నాకు మాత్రం వారం రోజులు నిద్ర లేదు. ఆమె ఏదీ తీసుకువెళ్ళలేకపోవడమే అసలు కథ. దాన్ని నేను చేతులారా పారేసుకున్నాను.

స్కాండల్ కావాలంటే ఊహించనక్కర్లేదు. 1809 మార్చిలో లార్డ్ పేజెట్ అనే అశ్వదళ సేనాని హెన్రీ వెల్లెస్లీ భార్య షార్లెట్‌తో వెళ్ళిపోయాడు. ఈ హెన్రీ ఎవరో కాదు, తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయినాయన తమ్ముడు. పేజెట్‌కి ఎనిమిది మంది పిల్లలు, ఆమెకు నలుగురు. భర్త కోర్టుకెక్కాడు. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్నందుకు నష్టపరిహారం అడిగే దావా అప్పట్లో ఉండేది. జ్యూరీ ఇప్పించిన సొమ్ము 20 వేల పౌండ్లకు తక్కువ కాదు. దావా ఆ ఇద్దరు మగవాళ్ళ మధ్యనే. షార్లెట్ అందులో వాది కాదు, ప్రతివాదీ కాదు, సాక్ష్యం చెప్పే వీలు కూడా లేదు. మే నెలాఖరులో లండన్ దగ్గరి వింబుల్డన్ కామన్ మైదానంలో ఆమె అన్న హెన్రీ కడోగన్ పేజెట్‌తో డ్యుయల్‌కి, అంటే ఎదురెదురుగా నిలబడి పిస్తోళ్ళు పేల్చుకునే పోరుకి, దిగాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెల్లెస్లీ విడాకులకు పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. పేజెట్ భార్య స్కాట్లండ్‌లో విడాకులు తీసుకుని, 1810లో డ్యూక్ ఆఫ్ ఆర్గైల్‌ని పెళ్ళాడింది. అదే ఏడు పేజెట్ షార్లెట్‌ని చేసుకున్నాడు.

1815లో నెపోలియన్‌తో వాటర్లూ యుద్ధం. అశ్వదళానికి అధిపతి పేజెట్, పై అధికారి వెల్లింగ్టన్. ఎవరి తమ్ముడి కాపురం కూల్చాడో ఆయన కిందే యుద్ధం చేసి, చివరి గంటల్లో కాలు పోగొట్టుకున్నాడు. ఆ ఉదయం వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారు? నాకైతే గుర్రాల మేత గురించి మాత్రమే మాట్లాడుకున్నట్టు రాయాలనిపిస్తుంది.

ఆల్‌మాక్స్ గురించి రెండు ముక్కలు. నువ్వు దాన్ని హోటల్‌లా రాశావు. కింగ్ స్ట్రీట్‌లో బుధవారం రాత్రుళ్ళు డాన్సులు జరిగే సభామందిరం అది. టికెట్ ఎవరికివ్వాలో కొందరు దొరసానులు తేల్చేవారు. పెట్టేది నిమ్మరసం, టీ, పల్చటి బ్రెడ్డూ వెన్నా. అక్కడ "షాంపేన్ పొంగింది" అన్న వాక్యం కొట్టెయ్యి. అలాగే పంతొమ్మిదేళ్ళ పిల్ల తండ్రికి తెలియకుండా లైసెన్సు మీద రాత్రికి రాత్రి లండన్‌లో పెళ్ళాడటం కుదరదు. ఇరవై ఒకటి నిండకపోతే తండ్రి ఒప్పుకోవాలి, 1753 చట్టం అది. అందుకే మూడు వందల మైళ్ళకు పైగా గుర్రాలు మార్చుకుంటూ ఆ చట్టం చెల్లని స్కాట్లండ్ సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్‌కి పరుగెత్తేవారు.

ఇప్పుడు మీరు, నువ్వు. మామూలు మాటల్లో వాళ్ళకప్పటికి ఆ తేడా లేదు. వాళ్ళకున్నది పేర్ల తేడా. మిస్ అని ఇంటిపేరుతో పిలిస్తే అది పెద్ద కూతురే. రెండోదాన్ని మిస్ అంటూ సొంతపేరుతో పిలవాలి. నువ్వు మూడు అధ్యాయాలూ అక్కకు చెందాల్సిన పిలుపు నాయికకిచ్చావు. కావాలనే చేసి ఉంటే భలే చేశావనేదాన్ని. మిస్ కూడా తీసేసి ఒట్టి పేరుతో పిలిచాడంటే ఆ డ్యూక్ చాలా దూరం వచ్చేసినట్టే. ఆ చోటే తెలుగులో "మీరు" కాస్తా "నువ్వు" అవ్వాలి. నువ్వు మొదటి పేజీలోనే అతని చేత "నువ్వు" అనిపించేసి, ఆ మలుపు వాడుకునే అవకాశం పోగొట్టుకున్నావు. అతని నోట అది ఒక్కసారి జారాలి, ఆమె వినాలి, అతను మళ్ళీ మీరులోకి పారిపోవాలి.

చివరగా ఆ రహస్య ఉత్తరం. డ్యూక్ లండన్ నుంచి రాశాడు, ఆమె పల్లెలోని ఇంట్లో దిండు కింద దాచుకుంది. పెళ్ళి నిశ్చయం కాకుండా మగవాడూ ఆడపిల్లా ఉత్తరాలు రాసుకోవడమే తప్పు. సరే, తప్పు చేయనీ. కానీ అప్పట్లో తపాలా డబ్బు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టాలి. దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ. కవరు కూడా ఇంకో కాగితం కింద లెక్క, అందుకే ఉత్తరాన్నే మడిచి లక్క వేసేవారు. అంటే బేరన్‌గారి ఇంట్లో ఎవరో ఒకరు డబ్బులిచ్చి తీసుకోవాలి. డ్యూక్ ప్రభువుల సభ సభ్యుడు కాబట్టి ఉచితంగా పంపుకునే హక్కుంది, కానీ అప్పుడు చిరునామా, తేదీ తన చేత్తోనే రాసి పైన సంతకం పెట్టాలి. డబ్బు కట్టించుకుంటే ఇంట్లో తెలుస్తుంది, కట్టించుకోకపోతే అతని పేరు ఊరికంతా తెలుస్తుంది. ఇంత మంచి ముడి నీ చేతిలో ఉంటే నువ్వు తోటలో పనిమనిషిని నిలబెట్టావు!

డబ్బు ఎవరిచ్చారో తేల్చుకుని నాలుగో అధ్యాయం పంపు. అక్క ఇచ్చిందేమోనని నా అనుమానం.

ఆశీస్సులతో,
మీ పిన్ని

తా.క. బేరన్‌గారికి అప్పులున్నాయని రాశావు. మచిలీపట్నం వైపు కంపెనీ ఉద్యోగం చేసి మూటలు కట్టుకుని తిరిగి వెళ్ళినవాళ్ళను అక్కడ "నబాబు" అని ఎత్తిపొడిచేవారు. అలాంటివాణ్ణొకణ్ణి అక్కకు సంబంధంగా తీసుకురా. అతను మధ్యలో ఒక తెలుగు మాట వాడితే నాకు సంతోషం.