నడిసంద్రంలో నెట్ ఖర్చు: తమ్ముడి జీతంలో నూటికి 18 ఎటు పోతోంది?

ప్రశ్న: మాది గంజాం జిల్లా గోపాల్‌పూర్. నాన్న చేపల వేటకు వెళతారు. నేను బరంపురంలో ప్రైవేటు బడిలో టీచర్ని. తమ్ముడు జీపీ రేటింగ్ కోర్సు (ఓడ మీద కింది స్థాయి సిబ్బంది పనికి శిక్షణ) చేసి రెండు నెలల క్రితం బొగ్గు మోసే ఓడ ఎక్కాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టు, నెలకు 500 డాలర్లు. ఓడలో నెట్ కార్డు 15 డాలర్లు, 500 ఎంబీ వస్తుంది. నెలకు ఆరు కొంటున్నాడు. పైగా నా పేరున ఉండి వాడు వాడుకుంటున్న పోస్ట్‌పెయిడ్ నంబరుకు పోయిన నెల రోమింగ్ బిల్లు 6,400 వచ్చింది, సింగపూర్ ప్యాక్ వేసి కూడా. కోర్సుకు తెచ్చిన లక్షన్నర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద అలాగే ఉంది. వాడి మొహం చూడకపోతే అమ్మకు నిద్ర పట్టదు. ఈ-సిమ్ (ఫోనులోకే ఎక్కించుకునే డిజిటల్ సిమ్) కొనమంటారా? సొంతంగా చిన్న శాటిలైట్ డిష్ కొనుక్కుంటే చవక అని వాడి స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ నెట్ ఖర్చును దుబారా అని వాడిని కోప్పడకండి. ఇంటి గొంతు వినడం ఓడ మీద కుర్రవాడికి అన్నం లాంటిదే. మీ నాన్నగారిని అడిగితే చెబుతారు, తెప్ప కొంచెం లోపలికి వెళ్లి ఫోనులో గీతలు మాయమైతే మనసు ఎలా ఉంటుందో. మనం సరిచేయాల్సింది వాడి మాటలను కాదు, వాటికి డబ్బు ఎవరు కడుతున్నారు, ఎక్కడ కడుతున్నారు అన్నదాన్ని.

డాలరును 85 రూపాయలు అనుకుందాం. ఆరు కార్డులు అంటే 90 డాలర్లు, 7,650 రూపాయలు. జీతంలో నూటికి 18. మీ అప్పుకు నెల వడ్డీ 3,000. అంటే వడ్డీకి రెండున్నర రెట్లు నెట్‌కు పోతోంది, అసలు మాత్రం కదలడం లేదు.

ఈ-సిమ్ సంగతి తొందరగా తేల్చేద్దాం. అది పనిచేసేది ఒడ్డున ఉన్న సెల్ టవర్ల మీదే. తీరం దాటి కొన్ని పదుల కిలోమీటర్లు పోయాక ఏ కంపెనీ సిమ్ అయినా ఒకటే, సిగ్నల్ ఉండదు. రేవుల్లో ఆగినప్పుడు మాత్రం పనికొస్తుంది. అది కూడా ఒక్క దేశానిది కాకుండా ఆ ప్రాంతంలోని దేశాలన్నిటికీ కలిపి ఉన్న ప్లాన్ అయితేనే. మీకు వచ్చిన 6,400 బిల్లు కథ అదే అని నా అంచనా. సింగపూర్ దాటి మలక్కా జలసంధిలో పోతుంటే ఒక పక్క మలేషియా, ఒక పక్క ఇండోనేషియా. ఫోను ఏ టవర్ దొరికితే దాన్ని పట్టుకుంటుంది, సింగపూర్ ప్యాక్ వాటికి వర్తించదు. మన ఇచ్ఛాపురం వాళ్లకు ఇది కొత్త కాదు. ఇంట్లోనే కూర్చున్నా ఫోను ఒడిశా టవర్ పట్టేసి రోమింగ్ పడిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అందుకని ఓడ రేవు విడిచిన క్షణమే మన నంబరుకు డేటా రోమింగ్ ఆపేయమనండి. ఇంకా మంచిది, పోస్ట్‌పెయిడ్‌ను ప్రీపెయిడ్‌కు మార్చేయండి. అప్పుడు వేసిన రీఛార్జికి మించి ఒక్క రూపాయి పోదు. రీఛార్జి మాత్రం తప్పనివ్వకండి, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు రద్దయ్యే వీలుంది. బ్యాంకు ఖాతా ఆ నంబరుకే కట్టి ఉంటుంది కదా.

సొంత డిష్ ఆలోచన వద్దే వద్దు. కెప్టెన్ అనుమతి లేకుండా ఓడ మీద అలాంటి పరికరం పెట్టడం ఉద్యోగానికే ముప్పు. సముద్రం మీద వాడే ప్లాన్ల ధర నేల మీద వాడేవాటిలా ఉండదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేని శాటిలైట్ ఫోను లాంటి పరికరం దగ్గర ఉంచుకోవడం నేరం. ఓడ పారాదీప్‌కో విశాఖకో వచ్చిన రోజు ఆ సామాను సంచిలో దొరికితే మీ ఇల్లు తట్టుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. నావికుల హక్కుల మీద 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అంటారు. భారతదేశం 2015లో దాన్ని ఆమోదించింది. 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలోని మార్గదర్శకాల ప్రకారం ఆచరణలో వీలైనంత మేరకు ఓడ యజమాని నావికులకు ఇంటర్నెట్ ఇవ్వాలి, దానికి డబ్బు తీసుకుంటే అది సమంజసంగా ఉండాలి. ఉచితంగా ఇచ్చి తీరాలని అందులో లేదు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ 500 డాలర్ల కుర్రవాడి దగ్గర 500 ఎంబీకి 15 డాలర్లు తీసుకోవడం సమంజసమేనా అని అడిగే హక్కు వాడికి వచ్చింది. ఓడ జెండా ఏ దేశానిదో, అంటే ఓడ ఏ దేశంలో నమోదైందో కనుక్కోండి. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు అన్నీ ఈ ఒప్పందంలో ఉన్నవే.

అడగడానికి కూడా ఒక తీరుంది. మొదటి ట్రిప్పు కుర్రవాడు ఒంటరిగా వెళ్లి కెప్టెన్‌ను నిలదీయకూడదు. ముందు బోసన్‌తో (డెక్ సిబ్బందికి పెద్ద) మాట్లాడి, నలుగురూ కలిసి చీఫ్ ఆఫీసర్ దగ్గరికి మర్యాదగా వెళ్లమనండి. నెలకు ఇంత డేటా ఉచితం అన్న మాట కాంట్రాక్టులో కానీ యూనియన్ ఒప్పందంలో కానీ ఉందేమో ముందే చదువుకోమనండి. ఉండి కూడా తెలియక కార్డులు కొనేవాళ్లు ఉంటారు. ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే కాగితం కూడా కాంట్రాక్టుతో పాటు వాడికి ఇచ్చి ఉండాలి. ఫిర్యాదు చేశాడని వేధించకూడదని ఆ అంతర్జాతీయ ఒప్పందమే చెబుతోంది. నెట్ మునుపటి కన్నా చవకైందన్నది కూడా మన పక్షానే ఉంది. స్టార్‌లింక్ లాంటి కొత్త ఉపగ్రహ నెట్ సర్వీసులు వచ్చాయి. అలాంటివి పెట్టించుకున్న ఓడలు పెరుగుతున్నాయి. తర్వాతి కాంట్రాక్టుకు సంతకం పెట్టే ముందు జీతంతో పాటు నెట్ సంగతి కూడా ఏజెంటును అడగాలి. నా లెక్కలో 30 డాలర్లు తక్కువ జీతమైనా మంచి నెట్ ఉచితంగా ఇచ్చే ఓడే మీకు లాభం.

అది తేలేదాకా వాడి చేతిలో ఉన్నది చూద్దాం. వీడియో కాల్ నిమిషానికి సుమారు 5 ఎంబీ తింటుంది, వాట్సాప్ మాట కాల్ అర ఎంబీ. వాడు రోజూ పావుగంట వీడియోలో మాట్లాడుతున్నాడనుకుంటే నెలకు 2,250 ఎంబీ, నాలుగున్నర కార్డులు. మిగతా కార్డున్నర ఎవరూ చూడని పనులకు పోతోంది. బంధువుల గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు, పెళ్లి వీడియోలు వాటంతటవే దిగిపోవడం, ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు. అవన్నీ ఆపేయమనండి. వాట్సాప్ సెట్టింగుల్లో కాల్స్‌కు తక్కువ డేటా వాడే ఏర్పాటు ఉంది, అది పెట్టుకోమనండి. ఆదివారం ఇరవై నిమిషాలు వీడియోలో అమ్మ వాడిని కళ్లారా చూసుకుంటే నెలకు 400 ఎంబీ. రోజూ పది నిమిషాలు మాట కాల్ అంటే 150. రెండు కార్డుల్లో ఇంకా 450 మిగులుతుంది, ఫొటోలకు, వాయిస్ మెసేజీలకు. వాయిస్ మెసేజ్ నిమిషానికి 200 కేబీ లోపే. అమ్మ రాత్రి పడుకునే ముందు ఒకటి పంపితే వాడు వాచ్ (డ్యూటీ) దిగాక తీరిగ్గా వింటాడు. కావాలంటే మళ్లీ వింటాడు, దానికి మళ్లీ డేటా పడదు. రేవులో దిగే అవకాశం ఉంటే మిషన్ టు సీఫేరర్స్, స్టెల్లా మారిస్ లాంటి నావికుల కేంద్రాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ వైఫై దొరుకుతుంది, కడుపునిండా మాట్లాడుకోవచ్చు.

డబ్బు పనుల కోసం వాడు నెట్ కొనే అవసరం కూడా తగ్గించండి. నడిసంద్రంలో ఎస్ఎంఎస్ ఓటీపీ రాదు. జీతం వాడి సొంత ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) పడుతుంటే, స్థానిక చెల్లింపులకు మిమ్మల్ని మ్యాండేట్ హోల్డర్‌గా, అంటే వాడి తరఫున ఖాతా నడిపే మనిషిగా పెట్టమని బ్యాంకును అడగండి. ఓటీపీ ఈమెయిల్‌కు పంపుతారేమో కూడా కనుక్కోండి.

ఇలా కార్డులు ఆరు నుంచి రెండుకు దిగితే నెలకు 5,100 మిగులుతుంది. ఇంకా ఏడు నెలలు ఉన్నాయి కాబట్టి 35,700. దాన్ని చిట్టీలో వేయకండి, బంగారం కొనకండి. 24 శాతం వడ్డీ తప్పించడం కన్నా మంచి పెట్టుబడి మీకు ఈ రోజు ఇంకోటి లేదు. అప్పిచ్చినాయన నెలనెలా అసలులో జమ వేసుకుంటాడా అడిగి, వేసుకుంటే అప్పు పత్రం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టి, తమ్ముడు దిగిన నెలలో ఒకేసారి ఇవ్వండి. అసలు 1,14,300కు, నెల వడ్డీ 2,286కు దిగుతుంది. ఈ ఆదివారం వీడియో కాల్‌లో మొదటి ఐదు నిమిషాలు అమ్మకు ఇవ్వండి. తర్వాత కాంట్రాక్టు కాగితాల్లో నెట్ గురించి ఏం రాసుందో వాడిని చదివి వినిపించమనండి.