హార్వెస్టర్ వెనక వడ్లు పోతుంటే

తమ్ముడూ, పర్లాకిమిడి దగ్గర మీ వరి కోతలో హార్వెస్టర్ ఎక్కి కూర్చుంటే, వెనక గడ్డితో పాటు వడ్లు పోవడం కనిపించిందని రాశావు. టెన్షన్ పడకు. బండి ఆపించి దిగి, గడ్డి పక్కకు తోసి ఒక గుప్పెడు తీసి చూడు. నొక్కితే మెత్తగా ఉన్నది తాలు, అది పోనీ. గింజ ఇంకా కంకికే అంటుకుని ఉంటే డ్రమ్ము సరిగ్గా నూర్చడం లేదు, డ్రమ్ముకీ దాని కింది జాలీకీ మధ్య సందు కాస్త తగ్గించమని డ్రైవర్‌కి చెప్పు. గట్టి గింజ విడిగా పడి ఉంటే ఫ్యాన్ గాలి ఎక్కువై ఉండాలి, లేదా బండి మరీ జోరుగా పోతుండాలి. ముందు జోరు తగ్గించి పది గజాలు కోయించి, మళ్లీ దిగి చూడు. గంటల లెక్కన కిరాయి కొంచెం పెరిగినా పర్వాలేదు, అవి మీ ఇంటి వడ్లు. మా కాశీనగరం వైపు వంశధార ఒడ్డున మంచు ఆరాకే కోత పెడతాం. తడి గడ్డిలో గింజ చిక్కుకుని బయటికి పోతుంది.