బీఏకి ఢిల్లీ దాకానా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. ఇంటర్ ఎంపీసీ విజయవాడ హాస్టల్లో ఉండి చదివాను. ఎంసెట్ ర్యాంకుకి భీమవరంలోనే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ సీటు వస్తుందంటున్నారు. అమ్మకొక్కదానికే చెప్పి, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాశాను. ఢిల్లీ యూనివర్సిటీలో, శ్రీ వెంకటేశ్వర కాలేజీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ వచ్చింది. పెద్దనాన్నగారు ‘బీఏకి ఢిల్లీ దాకానా?’ అని నవ్వారు. అమ్మ ఏడుస్తోంది. నాన్న ఏమీ అనడం లేదు. సీటు ఒప్పుకోవడానికి మూడు రోజులే గడువు. నిజానికి నాక్కూడా భయంగానే ఉంది. టెన్త్ దాకా నేనే ఫస్ట్. విజయవాడలో వారాంతపు టెస్టుల్లో మార్కులు తగ్గాయని పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దించేశారు. అప్పటినుంచి నేను తెలివైనదాన్ని కాదేమో అనిపిస్తోంది. అంత పెద్ద యూనివర్సిటీలో మునిగిపోతానేమో. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇష్టం మాత్రం ఎకనామిక్సే. తొమ్మిదో తరగతి నుంచి చెరువు లెక్కలు నేనే రాస్తున్నాను. 2025లో అమెరికా వాళ్లు సుంకం పెంచితే మా గట్టు మీద 100 కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్యలు) రేటు ఎందుకు పడిందో అర్థం చేసుకోవాలని రోజూ రేట్లు రాసిపెట్టాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు గడువు సంగతి చూద్దాం. ఢిల్లీ యూనివర్సిటీ పద్ధతిలో, వచ్చిన సీటును చెప్పిన తేదీలోగా ఒప్పుకోకపోతే వద్దన్నట్టే లెక్క. తర్వాతి రౌండ్లలో కూడా నీ పేరు ఉండదు. ఒప్పుకున్నంత మాత్రాన రైలెక్కేసినట్టు కాదు. అందుకని అమ్మకు చెప్పి ఇవాళే ఒప్పుకో. ఫీజు కట్టేలోపు ఇంట్లో మాట్లాడుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. కట్టాక మానుకుంటే ఎంత కోత పడుతుందో ముందే చదివి పెట్టుకో. ఇక్కడి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ని కూడా అప్పుడే వదిలేయకు.

ఇప్పుడు ఆ సెక్షన్ సంగతి. నీ ఉత్తరంలో ఢిల్లీ గురించి రాసిన దానికంటే దాని గురించి రాసిన నాలుగు వాక్యాలే నన్ను ఎక్కువసేపు ఆపాయి. ఆదివారం టెస్టు, మంగళవారం లిస్టు, బుధవారం పొద్దున్న పుస్తకాలు పట్టుకుని కారిడార్‌లో పక్క గదికి నడక. ఆ నడక గురించి నా దగ్గర కూర్చుని చెప్పిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకబ్బాయైతే ఉద్యోగం చేస్తూ పెళ్లి కూడా అయ్యాక, ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పాడు. రెండేళ్లపాటు ప్రతి వారం ర్యాంకు వేసి చూపిస్తే ఎవరికైనా ఆ అంకే తన పేరులా అయిపోతుంది. ఆ లిస్టు చెప్పింది ఆ వారం ఆ గదిలో నీ స్థానం ఎక్కడో, అంతవరకే. నీ తెలివి ఎంతో చెప్పే శక్తి దానికి లేదు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే చూపించాడు: ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లల్లో, అందరూ బాగా చదివే బడిలో పడ్డవాడు తనను తాను తక్కువగా అంచనా వేసుకుంటాడు. మామూలు బడిలో ఉన్నవాడు ఎక్కువగా వేసుకుంటాడు. చిన్న చెరువులో పెద్ద చేప అంటారే, ఆ బాపతు. కాబట్టి ఢిల్లీ వెళితే నీకు మళ్లీ అలాగే అనిపిస్తుంది. అనిపించదని నేను అబద్ధం చెప్పను. మొదటి సెమిస్టర్‌లో నీ పక్కన కూర్చునేవాళ్లలో చాలామంది ప్లస్ టూలోనే ఎకనామిక్స్ చదివి వస్తారు. ఇంగ్లిష్ గడగడా మాట్లాడతారు. నీకేమో మొన్నటిదాకా ఫిజిక్స్, కెమిస్ట్రీ. నవంబర్ వచ్చేసరికి ‘నేను పొరపాటున వచ్చానేమో’ అనుకుంటావు. అప్పుడు ఈ ఉత్తరం తీసి చదువుకో. ఇంకోటి కూడా గుర్తుంచుకో. ఆ కోర్సులో లెక్కలు, స్టాటిస్టిక్స్ ఎక్కువ. మీ ఎంపీసీ అక్కడ అక్కరకొస్తుంది. మొదటి రెండు నెలలు తడబడేది నువ్వే, ఆ తర్వాత లెక్కల దగ్గర తడబడేది వాళ్లలో కొందరు.

‘అంత పెద్ద యూనివర్సిటీ’ అన్నావు. 1922లో పుట్టింది, ఏటా 70 వేలకు పైగా డిగ్రీ సీట్లు. వింటే గుండె జారుతుంది, నిజమే. అయితే నువ్వు కూర్చునేది 70 వేల మంది మధ్య కాదు కదా. ఒక కాలేజీలో, ఒక డిపార్ట్‌మెంట్‌లో, ఒక తరగతిలో. నీ కాలేజీ టీటీడీ 1961లో పెట్టింది. ధౌలా కువాఁ దగ్గర, సౌత్ క్యాంపస్ వైపు ఉంటుంది. విజయవాడలో నువ్వు ఉన్న హాస్టల్ కంటే అక్కడ ఊపిరాడుతుందనే నా నమ్మకం. కాలేజీ దగ్గరి మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టిన మన గోదావరి పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు, టికెట్ లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపిన వాలంటీరు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఈ సంగతి మీ అమ్మగారికి చెప్పు. నీకు చెప్పడం కంటే ఆవిడకు చెబితేనే ఎక్కువ పనిచేస్తుంది.

పెద్ద సంస్థల్లో అసలు చిక్కు వేరే. అక్కడ నువ్వు రాలేదని ఎవరూ మీ నాన్నగారికి ఫోన్ చేయరు. నోటీసు బోర్డులో పెడతారు, వెబ్‌సైట్‌లో పెడతారు, చూసుకోకపోతే అది నీ తలనొప్పి. నేను పాలకొల్లు నుంచి ఒక పెద్ద యూనివర్సిటీకి పీజీకి వెళ్లినప్పుడు, ఫీజు చలానా కోసం రెండు రోజులు వేరే కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అసలు నిలబడాల్సిన వరస పక్కనే ఉంది. అడిగితే అర నిమిషంలో తేలేది. మా యాసకు నవ్వుతారేమోనని అడగలేదు. మూడో రోజు తుని నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క ‘ఏంటమ్మా, ఇక్కడే కాపురం పెట్టేశావా’ అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నాతో చేరి మధ్యలో మానేసిన వాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లు తెలివి తక్కువ వాళ్లు కాదు, అడగని వాళ్లు.

కాబట్టి నీ ర్యాంకు సంగతి నేను అడగను. ఒక్కటే అడుగుతాను. విజయవాడలో పై సెక్షన్ నుంచి దించాక ఎవరికైనా చెప్పావా? లెక్చరర్‌ని అడిగావా? అమ్మకైనా చెప్పావా? నీ ఉత్తరం చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది. అలాగైతే ఢిల్లీకి కావలసిన సరంజామాలో నీ దగ్గర లేనిది అదొక్కటే. అది నేర్చుకోవచ్చు. ఈ వారమే మొదలుపెట్టు. ఆ కాలేజీలో తెలుగు సీనియర్లు ఎవరో ఒకరు ఉంటారు, వెతికి పట్టుకుని ఇద్దరితో మాట్లాడు. హాస్టల్ అడుగు. అమ్మాయిల హాస్టల్ ఉంది కానీ అందరికీ రాదు. రాకపోతే ఎదురుగా సత్యనికేతన్‌లో పేయింగ్ గెస్ట్ గదుల్లో ఉంటారు పిల్లలు. అద్దె ఎంతో, భోజనం ఎంతో, కరెంటు బిల్లు వేరేనా కాదా, అన్నీ అడుగు. హిందీ అంటావా, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచే కదా నువ్వూ! ఆటోవాడితో బేరమాడే హిందీ దసరాలోపు అదే వస్తుంది. ఆవకాయ మీద బెంగ పెట్టుకున్నప్పుడు ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది.

మీ నాన్నగారు మాట్లాడకపోవడాన్ని వద్దనడంగా తీసుకోకు. చెరువు మీద బతికే మనిషి మాటకు ముందు లెక్క చూస్తాడు. ఇంజినీరింగ్‌కి నాలుగేళ్లలో ఎంత, ఢిల్లీకి ఎంత, ఒక కాగితం మీద నీ చేత్తో రాసి చూపించు. కాలేజీ ఫీజు ఒక్కటే చూసి చవక అనుకోవద్దు. అద్దె, మెస్సు, ఏడాదికి రెండుసార్లు రానూపోనూ రైలు, చలికాలం స్వెట్టర్లు కూడా వెయ్యి. ఇక్కడ వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడా వస్తుందనుకుని లెక్క కట్టకు. ఒక పంట పోతే ఆ ఏడాది ఎలా అన్న ప్రశ్న కూడా అందులోనే రాయి. ఆ ప్రశ్న ఆయన మనసులో ఉండే ఉంటుంది, కూతురి దగ్గర అనలేకపోతూ ఉండొచ్చు. లెక్క నిజంగా కుదరకపోతే దారి మూసుకుపోదు. భీమవరంలోనో నరసాపురంలోనో డిగ్రీ చేసి, పీజీకి సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, ఇదే ఢిల్లీకో వెళ్లినవాళ్లు ఉన్నారు. అప్పు చేసి అయినా ఇప్పుడే వెళ్లాలని నేను అనను.

లెక్క కుదిరితే మాత్రం వెళ్లమనే అంటాను. కారణం ఢిల్లీ పేరు కాదు. తొమ్మిదో తరగతి పిల్ల సీడ్‌కి (రొయ్య పిల్లలకి) ఎంత, మేతకి ఎంత, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటుకి ఎంత అని రాసుకోవడం నేను విన్నాను. చాలా ఇళ్లల్లో ఆ పని పిల్లలకు అప్పజెబుతారు. సుంకం పెరిగిందని అక్కడెక్కడో ప్రకటిస్తే మన గట్టు మీద రేటు ఎందుకు పడిందో తెలుసుకోవాలని ఎవరూ అడగకుండా రోజూ రాసుకున్న పిల్ల గురించి మాత్రం వినలేదు. ఇంజినీరింగ్ అంటే భయపడి ఎకనామిక్స్ అంటున్నావేమోనని మొదట అనుమానించాను. ఆ రేట్ల మాట చదివాక అనుమానం పోయింది. పెద్దనాన్నగారికి ‘బీఏ’ అన్న రెండక్షరాలే వినిపించాయి, పాపం ఆయన తప్పు కాదు. మన వైపు పాతికేళ్లుగా ఇంజినీరింగ్ తప్ప మిగతాదంతా మిగిలిపోయినవాళ్లు చదివేదే అన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

అమ్మగారి కన్నీళ్లకు నా దగ్గర ఒక్కటే మందు ఉంది, ఆవిడను వెంట తీసుకెళ్లడం. విజయవాడ వెళ్లి ఎక్కినా ఒక పగలూ ఒక రాత్రీ పైనే ప్రయాణం. ఆవిడ ఆ గది చూడాలి, ఆ సందు చూడాలి, పక్క మంచం పిల్ల ఏ ఊరిదో తెలుసుకోవాలి. ఓ వారం ఉండి రానీ. మీ ఇంట్లో ఈ పని తెలియనిది కాదు. హ్యాచరీ నుంచి సీడ్ వచ్చిన రోజు మీ నాన్నగారు సంచులు విప్పి ఒక్కసారిగా చెరువులో కుమ్మరిస్తారా? సంచులు సంచుల్లాగే నీళ్ల మీద తేలేసి ఉంచుతారు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక వేడికి వచ్చాక, చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా సంచిలోకి కలుపుతారు. ఆ తర్వాతే మూతి వంచుతారు. మొదటి నెలంతా నువ్వు ఆ సంచిలో ఉన్నట్టే. రోజూ ఎన్నిసార్లైనా ఫోన్ చెయ్యి, ఏడుపొస్తే ఏడు. రెండో నెల నుంచి ఫోన్ రోజుకి ఒకసారి, అదీ రాత్రి భోజనం అయ్యాక. పూటకోసారి వీడియో కాల్ అయితే మనిషి అక్కడా మనసు ఇక్కడా ఉంటుంది.

నిద్ర పట్టడం లేదన్నావు. మూడు రోజుల టెన్షన్ అయితే గడువు దాటాక అదే తగ్గుతుంది. వారం తర్వాత కూడా పట్టకపోయినా, బతుకు మీద విసుగు లాంటి ఆలోచన ఎప్పుడైనా వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఢిల్లీ వెళ్లినా భీమవరంలో ఉన్నా ఆ నంబర్ ఫోన్‌లో ఉంచుకో.

నాన్నగారితో మాట రేపు పొద్దున్నే కానీ. రాత్రి భోజనాల దగ్గర వద్దు, అక్కడ పెద్దనాన్నగారు ఉంటారు. తెల్లవారుజామున ఏరియేటర్లు చూడ్డానికి ఆయన గట్టు మీదకి వెళ్తారుగా, కాగితమూ రేట్ల నోట్‌బుక్కూ పట్టుకుని వెనకాలే వెళ్లు.