డిస్కులకు చోటుంది, అమ్మాయి బల్లకు లేదు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పాతికేళ్లుగా సినిమా డిస్కులు కొంటున్నాను. ఎక్కువగా డీవీడీలు, కొన్ని బ్లూ-రేలు, అన్నీ కలిపి 1,100 దాకా ఉన్నాయి. మాది రెండు గదుల ఇల్లు. హాల్లో ఒక గోడ నిండా, మంచం కింద, బీరువా మీద అవే. పద్నాలుగేళ్ల మా అమ్మాయి మంచం మీద కూర్చునే చదువుకుంటుంది. అన్నీ అమ్మేయమని నా భార్య చాలాసార్లు చెప్పింది. పోయిన వారం నేను ఇంట్లో లేనప్పుడు రెండు పెట్టెలు తీసి బాల్కనీలో పెట్టింది. వానకు తడిశాయి. కోపం పట్టలేక గట్టిగా అరిచాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఇన్నేళ్ల ఇష్టాన్ని ఎలా వదులుకోవాలి?

జవాబు: ముందు తడిసిన పెట్టెల సంగతి చూద్దాం. డీవీడీలో సినిమా ఉండే పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాసేపు తడిసినంత మాత్రాన మామూలుగా పాడవదు. మంచినీళ్లతో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. తర్వాత మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే, గీత పడినప్పుడు ఎక్కువ నష్టం. కాగితం కవర్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కోకముందే విడదీసి ఆరబెట్టాలి. వాటిలో కొన్ని దక్కకపోవచ్చు. ఆ బాధ చిన్నదని నేననను.

ఇక గొడవ. మీకు చెప్పకుండా పెట్టెలు బయట పెట్టడం ఆమె పొరపాటే. కానీ ఆమె చాలాసార్లు చెప్పిందని మీరే రాశారు. అన్నిసార్లూ మీరేం జవాబిచ్చారో రాయలేదు. 'చూద్దాంలే' అని ఉంటారు. చెప్పి చెప్పి విసిగిన మనిషి చేసే పనే ఆమె చేసింది. అరిచినందుకు క్షమాపణ అడగండి. ఆ మాటకు 'కానీ నువ్వు కూడా' అని తోక తగిలించకండి.

అన్నీ అమ్మేయండని నేను చెప్పను. 'నెట్‌లో అన్నీ దొరుకుతాయిగా' అనేవాళ్లకు తెలియనిదేమిటంటే, హక్కుల గడువు తీరితే అక్కడి సినిమా ఓ రోజు చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. మీ డిస్కు మీ దగ్గరే ఉంటుంది. ఆ మాత్రం పట్టుదల నాకు అర్థమవుతుంది.

అయితే మీ ఇంట్లో చోటు తింటున్నది డిస్కులేనా? టేపు పట్టుకుని కొలవండి. మామూలు డీవీడీ కేసు మందం 14 మిల్లీమీటర్లు. 1,100 కేసులు వరసగా నిలబెడితే పదిహేను మీటర్లు దాటుతుంది, అంటే సుమారు 50 అడుగులు. డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లే. ఉత్త డిస్కులన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే మీ అమ్మాయి భుజం దాకా వస్తాయేమో! మిగతాదంతా కేసుల్లోని గాలి. (అలా నిజంగా పేర్చకండి, గీతలు పడతాయి.)

కాబట్టి ప్రాణమైన నూటయాభై సినిమాలను కేసులతోనే, ఎండ పడని గోడకు ఒక షెల్ఫులో ఉంచుకోండి. మిగతావి ఒక్కోటి ఒక్కో మెత్తటి కవర్లో వేసి, మూతలున్న పెట్టెల్లో నిలువుగా అమర్చండి. కుక్కి నింపొద్దు. వాటి కాగితం కవర్లు ఎ4 సైజు ఫైళ్లలో చక్కగా పడతాయి. ఖాళీ కేసులు పారేసేటప్పుడు మీ చెయ్యి వణుకుతుంది. ఒక్కరోజులో చేయాలనుకోకండి. అటక మీదకు మాత్రం ఎక్కించకండి, పైకప్పు వేడి వాటికి పడదు. ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కులుంటే ముందు వాటిని వేసి చూడండి. వాటిలో వాడే రంగు పొర వెలుతురుకు, వేడికి దెబ్బతింటుంది. ఇప్పటికే ఆడనివి కొన్ని బయటపడొచ్చు. వాటి గురించి పోట్లాడే పని లేదు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. హాల్లో ఆ గోడ దగ్గర అమ్మాయికి బల్ల, కుర్చీ వేయండి. డిస్కులు సర్దాక చోటు మిగిలితే వేద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. బల్ల పడ్డాక మిగిలిన చోటు ఎంతో మీ భార్యతో కలిసి చూడండి. మీ సేకరణ హద్దు అదే. ఏది ఉండాలో, ఏది పోవాలో మీరే ఏరుకుంటారు, ఆమె మీకు చెప్పకుండా ఒక్కటీ కదపదు. ఈ రెండు మాటలూ ముందే అనుకోండి. కొత్త డిస్కు వచ్చిన రోజు పాతది ఒకటి ఇల్లు దాటాలన్న షరతు కూడా ఆమె అడిగేదాకా ఆగకుండా మీరే పెట్టుకోండి.