గ్రంథాలయ సంఘం నాకు నేర్పిన 8 పైసల లెక్క

లైబ్రరీ సైన్సు పూర్తిచేసి ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తున్న ఒకరు ఇక్కడ ఇలా అడిగారు: “గ్రంథాలయ సంఘంలో సభ్యత్వం తీసుకుంటే ఉద్యోగానికి గానీ పదోన్నతికి గానీ పనికివస్తుందా? అసలు ఆ సంఘం చేసే పని ఏమిటి?” కోస్తాలోని ఒక చిన్న మునిసిపల్ పట్టణంలో చాలా ఏళ్లు శాఖా గ్రంథపాలకుడిగా పనిచేసి విరమించినవాడిని కనుక జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉందనుకుంటున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది. పనికిరాదు. రెండో ప్రశ్నకే కాస్త ఓపిక పట్టాలి.

సంఘం అనగానే మీరు జీతభత్యాల కోసం పెట్టుకున్న ఉద్యోగుల సంఘం అనుకుంటున్నట్టున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సభ జరిపి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని ఏర్పరచుకున్నవారిలో నెల జీతం తీసుకునే గ్రంథపాలకులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చునని నా నమ్మకం. ఊళ్లో చందాలు పోగుచేసుకుని, ఎవరి సావిట్లోనో రెండు బీరువాలు పెట్టుకుని గ్రంథాలయం నడుపుకుంటున్నవారి సభ అది. దాని భారం నెత్తికెత్తుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి 24 ఏళ్లు కూడా నిండలేదు. బెంగాలువారి సంఘం 1925లోనూ, మద్రాసువారిది 1928లోనూ పుట్టాయి కనుక ఈ విషయంలో మనవాళ్లే దేశానికి పెద్దన్నలు. అయ్యంకివారు అంతటితో ఆగక, 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభను కూడా జరిపించారు. ఏటా గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి. అయినా వేదిక మీద ఫ్లెక్సీలో నెహ్రూ గారి బొమ్మ ఒక్కటే ఉంటుంది, వక్తలు బాలల దినోత్సవం గురించి మాట్లాడి దిగిపోతారు. మా శాఖలో నేను ప్రతి ఏడూ ఆ మద్రాసు సభ సంగతి చెప్పేవాడిని, ప్రతి ఏడూ ముఖ్య అతిథి ఆశ్చర్యపోయేవారు.

తరువాతి తరంలో పాతూరి నాగభూషణం గారు సంఘాన్ని భుజాన వేసుకున్నారు. 1935లో ఆయన పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టించి, గట్టున ఉన్న ఊళ్లవారికి చదువుకోవడానికి అందించారు. సంఘాధ్యక్షులుగా పనిచేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరిట విజయవాడలో సర్వోత్తమ భవనం వెలిసిందన్నా, అక్కడ గ్రంథపాలకులకు శిక్షణ దొరికిందన్నా ఆ పూనికే కారణం. ఇవన్నీ గొప్ప పనులే గానీ, నా దృష్టిలో సంఘం వేసిన అసలు ముద్ర వేరే చోట ఉంది. చందాల మీద నడిచే గ్రంథాలయం చందాదారుడి ఉత్సాహం చల్లారిన రోజున మూతపడుతుంది కనుక, దానికి చట్టబద్ధమైన ఆదాయం ఉండాలని పట్టుబట్టిన వాతావరణం ఇలాంటి సంఘాలదే. మద్రాసు రాష్ట్రంలో 1948లోనూ, హైదరాబాదు రాష్ట్రంలో 1955లోనూ వచ్చిన చట్టాల స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలుచేసి, స్థానిక సంస్థ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. లక్ష రూపాయల పన్నుకు 8,000 రూపాయలు. కాగితం మీద ఇంత సులువైన లెక్క.

ఆ లెక్క నాకు తెలిసివచ్చింది మాత్రం 1990ల చివర ఒక వేసవిలో. మా శాఖ అద్దె ఇంట్లో ఉండేది, జిల్లా నుంచి అద్దె రావడం ఆగి పద్దెనిమిది నెలలైంది. ఒకరోజు పొద్దున్నే వెళ్లేసరికి మా తాళం పక్కన ఇంటి యజమాని తాళం వేలాడుతోంది. దినపత్రికల కోసం వచ్చిన పాఠకులు వీధిలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక పేపర్లవాడి దగ్గర ఆ రోజు పత్రికలు తీసుకుని రామాలయం అరుగు మీద పరిచి, గాలికి ఎగరకుండా వాటి మీద ఇటుక ముక్కలు పెట్టాను. హాజరు పుస్తకం లోపల ఉండిపోయింది కనుక ఒక నోటు పుస్తకంలో సంతకాలు పెట్టించాను. ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

నాలుగో రోజున సంఘం పని చూసే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు సైకిలు మీద వచ్చారు. పై అధికారికి ఘాటుగా ఒక వినతిపత్రం రాసిపెడతారని నేను ఆశపడ్డాను. ఆయన అరుగు మీద కూర్చుని ఒకే ప్రశ్న వేశారు: “అద్దె సంగతి తరవాత చూద్దాం గానీ, మన మునిసిపాలిటీ నుంచి సెస్సు ఎంత రావాలో నీ దగ్గర లెక్క ఉందటయ్యా?” లేదు మాస్టారూ అన్నాను. అన్నేళ్ల సర్వీసులో ఆ అంకె అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మర్నాడు ఇద్దరం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాం. ఇంటి పన్ను లెక్కలు రాసే డిమాండు రిజిస్టరు చూపించడానికి మొదట గుమాస్తా ఒప్పుకోలేదు. మాస్టారు ఆయనకు చిన్నప్పుడు ఎక్కాలు చెప్పినవారని తెలిశాక కుర్చీలు కూడా వచ్చాయి. (ప్రభుత్వ కార్యాలయాల్లో పౌరుడికి చట్టం ఇవ్వలేని హక్కును పాత మాస్టారి హోదా ఇస్తుందన్న సంగతి మీద వేరే జవాబు రాయవచ్చు.) ఎర్ర గుడ్డ అట్టల రిజిస్టర్లు, మూలలు చెదలు కొట్టినవి. మాస్టారు వరుస వరుసకూ చెక్క స్కేలు జరుపుతూ చదివేవారు, నేను కూడుతూ పోయేవాడిని. పేజీ చివర మొత్తాలు కొన్ని తప్పుగా ఉంటే మళ్లీ మొదటినుంచి. రెండు రోజులకు నాలుగు సంవత్సరాల వసూళ్లు తేలాయి. ప్రజలు పన్నుతో పాటు సెస్సు కట్టేశారు, అది జిల్లాకు చేరలేదు. ఏమైందని అడిగితే, సిబ్బంది జీతాలకు సర్దుబాటు చేశామని లెక్కలు చూసే ఆయన ఏ సంకోచమూ లేకుండా చెప్పారు.

సంఘం జిల్లా సమావేశంలో మా లెక్కతో ఒక తీర్మానం చేశారు. అందులో విశేషణాలు లేవు. నాలుగు వరుసల పట్టిక, కింద చట్టంలోని నిబంధన, అంతే. ఆ కాగితం కౌన్సిలు ముందుకు వెళ్లాక ఒక సంవత్సరం బకాయి జమ అయింది, అద్దె కట్టారు, నలభై ఒకటో రోజున యజమాని తన తాళం తీసుకుపోయాడు. మిగిలిన మూడేళ్ల సొమ్ము నేను విరమించే నాటికి కూడా రాలేదు.

నా దురభిప్రాయమే అనుకోండి, చట్టం వచ్చిన తరువాత ఇక అంతా ప్రభుత్వమే చూసుకుంటుందని మనం చేతులు దులుపుకోవడం వల్లనే సంఘం పలచబడింది. మా ఉద్యోగులలోనే చాలామందికి సంఘం అంటే నవంబరులో వచ్చే ఆహ్వానపత్రిక, శాలువా. మాస్టారికి మాత్రం అది ఆ చెక్క స్కేలు.

కనుక సభ్యత్వం తీసుకోండి, దాన్ని చూసి ఎవరూ మార్కులు వేయరని ముందే తెలుసుకుని తీసుకోండి. ఉద్యోగం వచ్చేలోగా ఒక పని కూడా చేయవచ్చు. మీ ఊళ్లో కిందటి సంవత్సరం గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత జమచేశారు అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. మాకు రెండు రోజుల్లో తేలిన లెక్కకు మీకు ముప్పై రోజులు పట్టవచ్చు గానీ, గుమాస్తాకు ఎక్కాలు చెప్పినవారిని మాత్రం వెతుక్కోనక్కరలేదు.